మళ్ళీ వెయ్యండి!

పొగలు కక్కుతూ యుద్ధవిమానం లోయలోకి కూలిపోతుంటే హాలు హాలంతా లేచి నిలబడింది. మొదటి రోజు, మొదటి ఆట. ఈ సినిమా కోసం నెలల తరబడి కళ్ళల్లో వత్తులు వేసుకుని ఎదురుచూసిన అభిమానులు చెవులు చిల్లులు పడేలా ఈలలు వేస్తున్నారు.

ఆమె మాత్రం భర్త చేతిని గట్టిగా పట్టుకుంది. హీరో బదులు ఆ విమానం నడిపింది ఆయనే. పక్కనే క్షేమంగా కూర్చున్నాడని తెలిసినా ఆమె గుండె దడదడలాడుతోంది.

"ఈ కూలిపోవడమంతా కంప్యూటర్లోనే చేస్తారని మీరు చెప్పారుగా. అయినా చూడలేకపోతున్నానండీ," అంది నవ్వబోయి.

తెర మీద విమానం చెట్ల కొమ్మలను రాసుకుంటూ ఆఖరి క్షణంలో పైకి లేచింది.

"మళ్ళీ వెయ్యండి! మళ్ళీ!" అంటూ వెనక వరసలవాళ్ళు కుర్చీలు బాదారు. ఆపరేటర్ ఆ సీను మళ్ళీ వేశాడు.

ఈసారి ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆమె పట్టుకున్న చెయ్యి విమానాన్ని పైకి లేపుతున్నట్టు వెనక్కి లాగుతోంది.

ఆమె తెరవైపు చూడటం మానేసి ఆయనవైపు తిరిగింది.

"నిజం చెప్పండి. ఇందులో కంప్యూటర్ చేసిందేమిటి?"

"పొగ," అన్నాడాయన. "పొగ ఒక్కటే."