మూడో పొర

మంగళవారం ఉదయం పదకొండు గంటలకు దుర్గమ్మను గుండ్లపోచంపల్లి గోదాములోని ఆఫీసు గదికి పిలిచారు. ప్యాకింగ్ సూపర్‌వైజర్ పోస్టుకు అదే చివరి ఇంటర్వ్యూ. ఎనిమిదేళ్లుగా ఆమె అక్కడ అట్టపెట్టెలకు టేపు వేస్తోంది. దరఖాస్తులో పదో తరగతి పాస్ అని ఉంది.

కంపెనీ పిలిపించిన కోచ్ ఫణిభూషణ్ బల్ల మీద మూడు కాగితాలు పరిచాడు. వారానికొకటి ఇంటి దగ్గర రాసుకురమ్మని ఇచ్చినవి. వాటి శీర్షికలు: పనిలో నేను. ఇంట్లో నేను. లోపలి నేను.

"మనిషి ఉల్లిగడ్డ లాంటివాడమ్మా. పొర మీద పొర తీస్తేనే అసలు మనిషి కనపడేది."

"ఉల్లిగడ్డ ఒలిస్తె కండ్లల్ల నీళ్లే సార్. ఇంకేముంటది?"

అతను నవ్వి, మొదటి కాగితం చదివాడు.

"పనిలో నాకు ఎవరితోనూ పంచాయితీ లేదు."

రెండోది తీశాడు.

"ఇంట్లో నేను చెప్పిందే నడవాలి. ఎదురు మాట్లాడితే ఊరుకోను."

"గంతే సార్. నేను గొంతు లేపితె ఇంట్ల అందరు గప్‌చుప్."

"మరి ఇదేంటి?" మూడోది ఎత్తాడు. "ఇంట్లో నా మాట ఎవరూ వినరు. ఏడ్చినా ఎందుకని అడగరు. మంగళవారం దాటితే నేను ఈ ఇంట్లో ఉండను."

దుర్గమ్మ కుర్చీలో ముందుకు జరిగింది.

"అక్కడ మీ మాటే నడవాలన్నారు. ఇక్కడ ఎవరూ వినరంటున్నారు. ఏది నిజం?"

"గా ఆఖరి ముచ్చట మల్లొక్కసారి సదువుండ్రి సార్."

చదివాడు.

"ఇయ్యాల మంగళారమే గద?"

"అవును. ఎటు వెళ్తున్నారు?"

ఆమె చేతిలోని ఫోన్ తిప్పి టైము చూసింది.

"ఇది మీరు రాసిందేనా? కాదంటే ఇప్పుడే చెప్పండి. పోస్టుకు ఇంకొకరి పేరు పంపిస్తా."

దుర్గమ్మ కాగితం వైపు చూసింది. తర్వాత అతని చేతిలోని పెన్ను వైపు చూసింది.

"నేనే రాసిన సార్. ఏదో పరేషాన్ల ఉండి రాసిన."

"లోపలి పొర బయట పెట్టారు. చాలామంది పెట్టలేరు." ఆమె పేరు పక్కన టిక్కు పెట్టాడు.

పదకొండూ ఇరవైకి దుర్గమ్మ బయటికి వచ్చి ఇంటికి ఫోన్ చేసింది. మూడుసార్లు చేసింది. ఎవరూ ఎత్తలేదు.

అక్షరం ముక్క రాని దుర్గమ్మ మొదటి రెండు కాగితాలు కూతురు స్రవంతికి చెప్పి రాయించింది. మూడోదానికి తీరిక లేక, "నీకేం తోస్తె గది రాయి" అంది.