మైనం సంగటి

"ఏమప్పా, ఆకలికి మాడేటోళ్ల ముందర మైనం సంగటి పెడ్తావా? నీ నోట్లో మన్ను పడ."

కువైట్‌లోని హవల్లీ పేటలో, జపాన్ హోటల్ ముందు నిలబడి సిద్ధమ్మ తిట్టింది.

తిట్టదా మరి? ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన మూడో రోజే ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు మామా, పిల్లాజెల్లా కారెక్కి సౌదీ వెళ్లిపోయారు. సిద్ధమ్మ పాస్‌పోర్టూ వాళ్లతోనే పోయింది. గదిలో తోడున్న కళావతికి పది రోజులుగా జ్వరం. గంజి కాచడానికి గుప్పెడు బియ్యం లేవు.

హోటల్ పనివాళ్లలో మిగిలింది రాయచోటి ఖాజావలి ఒక్కడే. సైనికులు వచ్చి స్టోరు ఊడ్చుకుపోయారు. ఒకడు వీధి వైపు అద్దాల బీరువాలో వంటల నమూనాగా పెట్టిన రొయ్యను కొరికి, మైనమని తెలిసి ఉమ్మేశాడు. ఆ బొమ్మ తిండి జోలికి మళ్లీ ఎవరూ పోలేదు.

ఖాజావలి మాత్రం రోజూ వాటి దుమ్ము తుడిచేవాడు. రొయ్యలు, చేపముక్కలు, సేమియా గిన్నె. మధ్యలో తను కొత్తగా చేసిన రాగి సంగటి ముద్ద, దాని గుంటలో చెనిక్కాయల ఊరిమిండి పచ్చడి. జపాన్‌వాళ్లు సంగటెప్పుడు తిన్నారని మనవాళ్లు ఒకటే నవ్వు. పిచ్చి ముదిరిందన్నారు.

సిద్ధమ్మ తిట్టినప్పుడు గుమ్మంలో తుపాకీతో సైనికుడు నిలబడి ఉన్నాడు. ఖాజావలి సంగటి ముద్దను బయటికి తీసి చాపాడు.

"తినేదానికే పెట్టినా అక్కా. ఎత్తుకోని పో."

సిద్ధమ్మకు ఒళ్లు మండింది. చెయ్యి కూడా తగిలించలేదు.

"సదువు రానోళ్లకు లోపలేముందో తెల్సల్లనే జపానోళ్లు ఈ బొమ్మలు పుట్టిచ్చినారంట. మా హోటల్ సారు చెప్తాండె..."

తనకు చదువు రాకపోవడాన్ని కూడా ఎగతాళి చేస్తున్నాడనుకుంది. అతని మాట పూర్తి కాకముందే విసవిసా వెళ్లిపోయింది. సైనికుడు చూస్తుండగా అతను వెనక్కి పిలవలేకపోయాడు.

మర్నాడు ఒక అధికారి వచ్చి, ఆ ముద్ద తీసేసి అక్కడ తమ నాయకుడి ఫొటో పెట్టమన్నాడు. ఇది తిండి పెట్టే అంగడి, ఫొటోకు చోటు లేదన్నాడట ఖాజావలి. రెండోసారి అడిగినా అదే మాట. మూడోసారి అడగలేదు. చేతులు కట్టి జీపెక్కించారు. ఫొటో వాళ్లే పెట్టుకున్నారు.

మైనం ముద్దకోసం ప్రాణం మీదికి తెచ్చుకున్నాడని వీధంతా బుగ్గలు నొక్కుకుంది.

సిద్ధమ్మకు మనసు ఆగలేదు. మనిషిని మింగిన ఆ ముద్దను నేలకేసి కొట్టాలని హోటల్లోకి వెళ్లింది. ఫొటో వెనక పడి ఉంది. రెండు చేతులతో ఎత్తింది.

బరువుగా ఉంది.

అడుగున మైనం మూత ఊడి, జలజలా బియ్యం రాలాయి.

పక్కనున్న రొయ్యను తిప్పి అడుగు మూత తీసింది. కందిపప్పు. సేమియా గిన్నె అడుగున చక్కెర.

కళావతి గంజికి సరిపడా కొంగులో పోసుకుంది. మిగిలింది ముద్దలోనే ఉంచి మూత నొక్కింది. నాయకుడి ఫొటోను పక్కకు తోసి, సంగటిని వీధి వైపు తిప్పి మళ్లీ అక్కడే పెట్టింది.

బడి మొహం చూడని సిద్ధమ్మ చదవగలిగేలా, ఆ పిచ్చివాడు రాసిపెట్టిన బోర్డు అది.