ఫ్లెక్సీకెక్కిన రక్తం

రక్తదాన శిబిరంలో గురునాథరావు పరీక్షకు నాలుగు చుక్కలిచ్చి, మంచం మీద పడుకుని ఫొటో తీయించుకుని, దానం సంగతి మరిచి ఇంటికెళ్లిపోయాడు.

జన్యు పరీక్షలో అది అరుదైన రక్తమని తేలగానే గాజువాకలో ఫ్లెక్సీ వెలిసింది: “ఇలాంటి రక్తం విశాఖలో మరొకరికి లేదు.” ఖర్చు ఆయనదే.

ఒక్క యూనిట్ ఇస్తే దాచి ఉంచుతామని బ్లడ్ బ్యాంకు సత్యశ్రీ ఎంత బతిమాలినా ఆ మహానుభావుడికి తీరిక చిక్కలేదు.

ఇవాళ ఆమె ఆయన పడుకున్న ఆసుపత్రి గదికే వచ్చింది.

“మళ్లీ వచ్చీసినావేటి? నా రత్తం కుళాయి నీరనుకున్నావా?”

“రేపు ఆపరేషన్‌కి మీకే రక్తం కావాలండి. ఎంత వెతికినా దొరకలేదు.”

గురునాథరావు గొంతు తగ్గింది. “విశాఖలో ఇంకెవలికీ లేదేటమ్మా?”

“మీ ఫ్లెక్సీలో మీరే రాయించారు కదండి.”