గిజిగాడి గూట్లో దీపం

"ఒక్క రాత్రి వెలుగు చూపించమ్మా, తెల్లారగానే నేనే ఎగరేసి పంపిస్తా."

గిజిగాడు ఈ మాట చెప్పి మిణుగురు పిల్లను తన గూట్లోకి పిలిచాడు. లోపలికి రాగానే తడి మట్టి ముద్దలో ఆ పిల్ల కాళ్లు అదిమి గోడకు అంటించాడు. ఎన్నిసార్లు తెల్లారినా వదల్లేదు. మట్టి ఎండి బిగుసుకుపోయింది.

వాగు మీదికి వంగిన తుమ్మచెట్టుకు వేలాడే ఆ గూడును చూడటానికి పక్షులన్నీ వచ్చేవి. "గడ్డిపోచలతో ఎంత పనితనం! పైగా లోపల దీపం కూడానా!" అని గోరింక మురిసిపోయేది.

ఒకనాడు పొద్దుగూకుతుండగా మిణుగురు పిల్ల వాళ్లన్న గూటి మూతి దగ్గరికొచ్చి అరిచాడు.

"గిజిగాడు మావా! వెలుగు ఎవరి సొత్తూ కాదు! బందీలతో కట్టిన అందం మాకొద్దు! మా చెల్లిని వదులు!"

"నినాదాలు బాగానే నేర్చావురా అల్లుడూ," అని గిజిగాడు నవ్వాడు. "కింద పాము తిరుగుతోంది. చీకటైతే నా పిల్లలు హడలిపోతారు."

"నీ పిల్లల భయం తీరడానికి మా చెల్లి భయంతో చావాలా?"

"ఇంకాస్త దగ్గరికి రా, చెబుతా. తడి మట్టి మళ్లీ కొంచెం తెచ్చా."

"రావద్దన్నా!" అని లోపలి నుంచి చెల్లి సన్నగా అరిచింది. ఆ వెంటనే గూడంతా చీకటైపోయింది. గిజిగాడి పిల్లలు కీచుకీచుమన్నాయి. చెల్లి మాత్రం మళ్లీ పలకలేదు.

అన్న పై కొమ్మకు ఎగిరాడు. అక్కడి నుంచే అడిగాడు.

"మావా, ఆ దీపం మా చెల్లి ఆర్పుకుందా, నువ్వు ఆర్పేశావా? వాగంతా కటిక చీకటయ్యే శ్రావణ అమావాస్యలోగా జవాబు చెప్పాలి."