పుట్టని పండితుడు

ఇరవై ఏడు జవాబు పత్రాల్లో కనిపించిన ప్రొఫెసర్ హార్విక్ అనే పండితుడు అసలు భూమ్మీద పుట్టనే లేదని బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ తేల్చేశాడు.

చలికి దవడలు బిగుసుకుపోవడం వల్లే ఇంగ్లీషు అచ్చుల ఉచ్చారణ మారిపోయిందని ఆ హార్విక్ కనిపెట్టాడట. అందరూ అదే రాశారు. మర్నాటికల్లా నరసరావుపేట కాలేజీ నోటీసు బోర్డులో కాగితం పడింది. ఇంగ్లీషు భాషా చరిత్ర పేపర్లో కాపీయింగ్. ఇరవై ఆరుమందికి ఆ పేపరు రద్దు. అందరికీ అందించిందన్న నేరం మీద దీపికకు రెండేళ్ళ డిబార్.

నెలాఖరులోగా ఎం.ఏ. సర్టిఫికెట్ చూపిస్తేనే ఆమెకు వచ్చిన టీచరు ఉద్యోగం నిలుస్తుంది. నూజెండ్లలో అమ్మకు ఏం చెప్పాలో తెలియక, తిండి మానేసి రెండు రోజులు తిరిగింది. మూడో రోజు మధ్యాహ్నం చంకలో కాగితాల కట్టతో ఇంగ్లీషు శాఖ హెచ్చోడీ ఫణీంద్ర గదిలోకి వచ్చింది.

"నేను కాపీ కొట్టలేదు సార్."

"మరి లేని మనిషి ఇరవై ఏడుమందికీ కల్లోకొచ్చాడా?"

దీపిక కట్ట విప్పి బల్లమీద పరిచింది.

"మీరు చెప్పిన పద్ధతే సార్. ఇంగ్లీషు, జర్మన్, డచ్చి పక్కపక్కన పెట్టి అన్నీ ఒక తల్లి బిడ్డలేనని ఎట్టా పట్టుకున్నారో అట్టాగే పట్టుకున్నా. ఇది మా బ్యాచ్ జెరాక్సు నోట్సు. దీంట్లో మూడు లైన్లు ఎగిరిపోయినయ్. పోయినేడు నోట్సులో అవి ఉన్నయ్. దాంట్లో లేని బొమ్మ అంతకుముందోళ్ళ దాంట్లో ఉంది. హార్విక్ మాత్రం అన్నిట్లోనూ ఉన్నాడు. అట్టా ఎనక్కి పోతే ఇది తేలింది."

అది చేత్తో రాసిన పాత నోటుబుక్కు.

"మన పాత స్టూడెంటు, మాచర్ల షాహీనక్కది. మన గేటు ముందు జెరాక్సు షాపులోనే పడుంది. ఆరేళ్ళ కిందటిది. అన్నిటికీ తల్లి ఇదే."

"షాహీన్‌ని అడిగావా?"

"ఫోన్ చేశా. ఎక్కడ చూసి రాసుకుందో గుర్తులేదంది. చానా ఏళ్ళయిందిగా."

"అయితే ఇంత తిరిగీ ఏంది ఉపయోగం?"

"తప్పు మాకన్నా ముందే పుట్టిందని తేలిందిగా సార్. కాపీ కాదని పరీక్షల కమిటీకి మీరొక్క ముక్క రాస్తే చాలు."

ఫణీంద్ర లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. నోట్సులన్నీ ఒక్కొక్కటీ పక్కన పెట్టుకుని చూశాడు.

"నిజమే. నువ్వు కాపీ కొట్టలేదమ్మా."

దీపిక కళ్ళు నిండాయి. "ఆ ముక్కే రాసియ్యండి సార్."

"రాయలేను."

"ఎందుకు సార్? మీ మాట కమిటీ కాదనదుగా."

ఆయన ఆమె మొహం చూడకుండా నోటుబుక్కు మూసి ఆమెవైపు నెట్టాడు.

"అచ్చులు ఎందుకు మారినయ్ సార్ అని షాహీన్ క్లాసులో అడిగింది. కచ్చితమైన కారణం ఇంతవరకూ ఎవరికీ తెలీదని చెప్పుంటే సరిపోయేది. అందరూ నా మొహం వంకే చూస్తుంటే నోటికొచ్చిన పేరు, తోచిన కారణం చెప్పేశా. మొన్న ఎగ్జామినర్ ఈ హార్విక్ ఎవరని నన్నే నిలదీశాడు. నువ్వు అందిస్తే అందరూ కాపీ కొట్టారని కమిటీకి రాసిచ్చింది నేనేనమ్మా."