చిన్నదొర గుర్రం

అంగన్‌వాడీలో బొమ్మలు పంచడానికి చిన్నదొర వచ్చాడు. అందరి వెనకాల నేలమీద కూర్చోబోతున్న బాపును రెక్కపట్టి ఆపాను.

"కుర్చీల కూసో బాపూ! తెలంగాణొచ్చి పదేండ్లాయె. ఇంకా వాని జీతగానివా?"

"దొర జూస్తడు బిడ్డా..."

"జూడనీ!"

బాపు కుర్చీ అంచున కూర్చున్నాడు. దొర ముందు ఆయన కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

చిన్నదొర మైకందుకున్నాడు. "ఎన్ని బొమ్మలున్నా చిన్నప్పుడు నాకు నా గుర్రమంటేనే పాణం. మెడకు గంటగట్టి, చర్నకోలతో కొట్టుకుంట గడీ అంత తిరిగేటోన్ని. నాలుకతో గిట్లంటే చాలు, ఉరికొచ్చేది."

టక్ టక్‌మనిపించాడు. పిల్లలు నవ్వారు. నేనూ చప్పట్లు కొట్టాను.

పక్కకు తిరిగితే కుర్చీ ఖాళీగా ఉంది. బాపు మోకాళ్లూ అరచేతులూ నేలకానించి, ఎక్కడానికి వీలుగా వీపు వంచి ఉన్నాడు.