ఛార్జింగ్ తీగకు రెండో కొస

"నీ టాబ్లెట్ తెరువమ్మా, త్వరగా!" అన్నాడు కెప్టెన్. విమానం దట్టమైన మబ్బులో ఉంది, కింద కొండలు. దిగే దారి చూపే పటాలన్నీ టాబ్లెట్లలోనే ఉన్నాయి. అతనిది మబ్బులోకి రాకముందు అద్దంలోంచి పడ్డ ఎండకు కాగి ఆరిపోయింది.

కోపైలట్ తన టాబ్లెట్ నొక్కింది. తెర వెలగలేదు. "ఛార్జింగ్ అయిపోయింది సార్."

కెప్టెన్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. "ఛార్జింగ్ పెట్టుకోమని కూడా నేనే చెప్పాలా?"

"పెట్టాను సార్."

అతను విసురుగా తీగ లాగాడు. రెండో కొసకు అతని సెల్‌ఫోనే వేలాడుతూ వచ్చింది. బయలుదేరేముందు ఆమె టాబ్లెట్ నుంచి తీగ పీకి ఫోనుకు తగిలించుకున్నది తనే.

"చూసి కూడా నోరు మెదపలేదేం?"

"కిందటి వారం మెదిపితే, నాకే పాఠాలు చెప్తావా అన్నారు."

"తప్పు నాదే తల్లీ. ఇక నేనేం తప్పు చేసినా అరిచెయ్!"

"సార్! మాటల్లో పడి దిగిపోతున్నాం, పైకి లేపండి!"

గబుక్కున లేపాడు. రెక్క కిందుగా ఒక కొండకొమ్ము వెనక్కి జారిపోయింది.

"ఇప్పుడు టవర్ వాళ్లని దారి అడగండి," అందామె.

"అలాగేనమ్మా," అని కెప్టెన్ మైకు అందుకున్నాడు.